ముందు సీట్లో గుమ్మడికాయ

కమలాకర్‌కు ఇద్దరు భార్యలని కొత్తపేటలో పేరు. మొదటామె ఆండాలు, అగ్నిసాక్షిగా వచ్చింది. రెండోది యాభై ఎనిమిదో సంవత్సరం నాటి ఫియట్ కారు, వారసత్వంగా వచ్చింది. ఈ పుకారు పుట్టించింది ఇరుగుపొరుగు కాదు, స్వయంగా ఆండాలే. పొద్దున్నే మొగుడు చేతులకు గ్రీజు పూసుకుని వంటింటి గుమ్మంలో నిలబడితే, "ఏమంటున్నది నా సవతి, దగ్గు తగ్గిందా?" అని అడిగి మరీ టీ పోసేది.

కాకి పిల్ల కాకికి ముద్దు. కమలాకర్ కంటికి ఆ కారులో ఒక్క వంకా కనబడేది కాదు. మెయిన్ రోడ్డు మీద షాపులు, ఎల్బీ నగర్ వెనకాల ప్లాట్లు ఉన్న మనిషి, కావాలంటే ఏ కారైనా కొనగలడు. కొన్నాడు కూడా. కొన్న కారు ఎండలో ఉండేది, ఫియట్ నీడలో ఉండేది.

దానికో కారణముంది. కమలాకర్ తండ్రి వెంకటేశ్వర్లు, ద్రాక్షతోట విరగపండిన ఏడు, మలక్‌పేటలో ఒక నవాబు దగ్గర ఆ కారు కొన్నాడు. ఆ మరుసటి ఏడే పెద్ద కూతురి పెళ్ళి. అప్పటినుంచి ఇంటికో ఆనవాయితీ పడింది. ఇంటి ఆడపిల్ల పెళ్ళి మంటపానికి ఆ కారులోనే పోవాలి. తండ్రే నడపాలి. పెళ్ళికూతురు వెనకాల కాదు, ముందు సీట్లో, తండ్రి పక్కన కూర్చోవాలి. మూడో మనిషి ఎక్కకూడదు. ఇంటినుంచి మంటపం దాకా ఆ కాసేపట్లో తండ్రీ కూతురూ ఏం మాట్లాడుకున్నారో జన్మలో ఎవరూ అడగకూడదు. కమలాకర్ అక్కచెల్లెళ్ళు ముగ్గురూ అలాగే వెళ్ళారు, ముగ్గురూ ఏడుస్తూ నవ్వుతూ దిగారు. ఏం మాటలో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

కమలాకర్‌కు ఒక్కతే కూతురు, రోహిణి. ఆ పిల్లను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే, ఆ కాసేపట్లో తను ఏం చెప్పాలా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్ళుగా మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడు పెళ్ళి దగ్గరకొచ్చింది. కారుకు పాలమీగడ రంగు కొత్తగా వేయించాడు. సీట్లకు కొత్త గుడ్డ తొడిగించాడు. లోకంలో తనంత సుఖపడేవాడు ఇంకొకడు లేడనుకుంటూ తిరుగుతున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున రోహిణి కారు చుట్టూ ప్రదక్షిణం చేసి, ఎడమవైపు ముందు తలుపు దగ్గర ఆగి, అద్దం మీద వేలితో టకటక కొట్టి, చల్లగా ఓ మాట అంది.

"డాడీ, నేను ఈ బండ్ల ఎక్క."

కమలాకర్ తుడుస్తున్న గుడ్డ ఆపాడు. "ఏసీ లేదనా? ఈ చలికాలంల ఏసీ ఎందుకు బిడ్డా?"

"ఏసీ కాదు, అద్దం."

"అద్దానికేమైంది? బంగారం లెక్క ఉన్నది."

ఆ అద్దం కథ కూడా చెప్పుకోవాలి, లేకపోతే కమలాకర్ గోడు అర్థం కాదు. కొన్నేళ్ళ కిందట సదర్ పండుగ నాడు, ముస్తాబు చేసిన దున్నపోతులు డప్పుల మధ్య ఊరేగుతుంటే, ఆయన కారును రోడ్డు పక్కన నిలిపి దిగి దండం పెట్టాడు. అందులో ఒక దున్నపోతు కారు అద్దంలో తన మొహం చూసుకుంది. తనకంటే అందమైనది ఇంకొకటి ఎదురొచ్చిందని దానికి కోపం వచ్చినట్టుంది. కొమ్ము లోపలికి దిగింది. అసలు అద్దం పోయింది.

అలాంటి అద్దం కోసం కమలాకర్ ఊరంతా గాలించాడు. ఎక్కడా దొరకలేదు. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో బీరువాలకూ షోకేసులకూ అద్దాలు కోసే దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు అట్టముక్క మీద కొలత గీసుకుని, అద్దం కోసి, అంచులు నున్నగా అరగదీసి, పూజగది తలుపుల మీద చెక్కే అలవాటు చొప్పున దీని మీద కూడా ఒక నెమలిని చెక్కి ఇచ్చాడు. కమలాకర్ మురిసిపోయాడు. పిడి తిప్పుతుంటే అద్దంతోపాటు నెమలి మెల్లగా తల ఎత్తి లేచి నిలబడేది. మిగిలిన మూడు అద్దాలను కూడా ఏ దున్నపోతైనా కరుణిస్తే బాగుండునని ఆ తరవాత రెండు సదర్‌లకు కారును అదే చోట నిలిపాడు కూడా.

"ఇది కారు అద్దం కాదు డాడీ, బీరువా అద్దం," అంది రోహిణి.

"అద్దం అద్దమే. అండ్ల గూడ కులాలుంటయా?"

"ఉంటయ్. కారు పక్కద్దం పగిల్తే పటికబెల్లం పలుకుల లెక్క రాలాలె, అట్ల కాల్చి చేస్తరు దాన్ని. ముందటి అద్దమైతే రెండు అద్దాల నడుమ పొర పెడ్తరు. పగిలినా ఊడిపడదు, మనిషిని బయటికి పోనియ్యదు. గీ నెమలి పగిలిందనుకో, ఒక్కో ముక్క ఒక్కో కత్తి. ఎవరు పెట్టించిండ్రో గాని, జర సోచాయించాల్సి ఉండె."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కమలాకర్ లేచి నిలబడ్డాడు. "అరవై ఏండ్ల సంది ఈ బండ్ల ఒక్కరికి గోరంత గీత పడలేదు."

"గుద్దుకోలేదు గనుక పడలేదు."

ఇది పద్ధతైన మాట కాదనిపించింది కమలాకర్‌కు. కాని కూతురి ఉద్యోగమే అలాంటిది. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కూర్చుని, పొద్దున్నించి సాయంత్రం దాకా కంప్యూటర్లో కార్లను గోడలకు గుద్దిస్తుంది. గుద్దుకున్నప్పుడు లోపలి మనిషికి ఏమవుతుందో లెక్కలు వేస్తుంది. ఆయన మాత్రం అడిగినవాళ్ళకు మా బిడ్డ కార్లు తయారు చేస్తదని చెప్పేవాడు. చెడగొడుతుందని చెప్పుకోలేడు కదా.

రోహిణి ఇంకా లెక్క చదువుతూనే ఉంది. బెల్టులు లేవు. ఎదురుగా ఇనుప రేకు. తలుపులేమో, అందరి కార్లలాగా ముందునుంచి కాక, వెనకనుంచి బిగించినవి, ఉల్టా తెరుచుకుంటాయి. ఆండాలు కాఫీ గ్లాసుతో వచ్చి అంతా విని, "నా సవతి మీద ఇన్ని కేసులున్నయా?" అని తృప్తిగా తాగింది.

కమలాకర్ ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు. కోపం కాదు, దిగులు. ఇరవై ఆరేళ్ళ మాటలు ఎక్కడ చెప్పాలి? ఇంట్లో చెబుదామంటే ఆండాలు వింటుంది. మంటపంలో చెబుదామంటే మంది వింటారు. ఆ ముందు సీటు పోతే ఇక ఆ మాటలకు చోటే లేదు.

బాధ పట్టలేక ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర షెడ్డున్న మెకానిక్ అంతయ్య దగ్గరికి కారు తీసుకుపోయాడు. అంతయ్య నల్గొండ నుంచి వచ్చినవాడు, కమలాకర్ ఏమంటే అదే తన అభిప్రాయం. బానెట్ మీద చెయ్యేసి, "ఇది ఇనుము సార్. ఇప్పటి బండ్లు బిస్కెట్ డబ్బలు," అన్నాడు. కమలాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే వియ్యంకుడు వెంకట్రావు ఫోన్ చేశాడు. ఆయనది కోస్తా నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడిన కుటుంబం. ఆయన కొడుకు రాఘవేంద్రకే రోహిణిని ఇస్తున్నది.

"ఏవండీ బావగారూ, అమ్మాయి మీ పాత కారు ఎక్కనంటోందటగా, మావాడు చెప్పాడు," అన్నాడు వెంకట్రావు.

వియ్యంకుడి ముందు తగ్గితే ఇంకేముంది. ఆలోచించకుండా కమలాకర్ నోటినుంచి ఊడిపడింది. "ఎక్కనన్నది నిజమే బావగారు. అందుకే ఈ ఐతారం టెస్ట్ పెడుతున్నం. కంపెనీలల్ల చేస్తరు చూడు, అదే. మీరు గూడ రాండ్రి."

ఇంటికొచ్చి చెబితే రోహిణి ముందు నమ్మలేదు. తరవాత పడీపడీ నవ్వింది. మన్సూరాబాద్ వైపు కమలాకర్‌కు ఒక ఏటవాలు ప్లాటు ఉంది. ప్రహరీ కట్టడానికి పోసిన ఇసుక కుప్ప దిగువన ఉంది. కారును పైనుంచి వదిలితే మెల్లగా దొర్లి ఇసుకలో ఆగుతుంది. బండికి గీత పడదు, లోపలి మనిషికి గీత పడదు, అందరూ చూస్తారు, అనుమానం తీరుతుంది. ఇదీ ఆయన పథకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు చూపించే ఓపిక రోహిణికి ఉంది.

"మనిషంటే ఎవరు కూసుంటరు?" అంది.

"బస్తా కూసుంటది."

"తలకాయ గావాలె. బస్తాకు తల లేకుంటే టెస్ట్ కాదు. మంచిగ బరువున్న గుమ్మడికాయ పెట్టుండ్రి. కాయకు ఏం గాకుంటే ఎక్కుత. అయ్యిందనుకో, పట్టుచీర గట్టి మెట్రో ఎక్కి పోత."

"కబూల్," అన్నాడు కమలాకర్.

ఆదివారం పొద్దున ప్లాటులో తిరునాళ్ళలాగా ఉంది. కమలాకర్ టెంటువాడి దగ్గర కుర్చీలు తెప్పించాడు. మిర్చి బజ్జీల బండిని పిలిపించాడు. కాలనీలో సగం మంది వచ్చి కూర్చున్నారు, మిగతా సగం ప్రహరీ మీదినుంచి చూస్తున్నారు. ఫియట్ ఎగువన పాలమీగడ రంగులో మెరుస్తూ నిలబడింది. స్టీరింగు కదలకుండా తాడుతో కట్టారు. హ్యాండ్‌బ్రేకు పనిచేసి ఎన్నేళ్ళయిందో ఆ కారుకే గుర్తులేదు గనక, చక్రం కింద పెద్ద రాయి పెట్టారు. అంతయ్య ఆ రాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"నేను కర్చీఫ్ ఊపుత. ఊపంగనే రాయి గుంజు. నడుమల ఎవరేం జెప్పినా ఇనకు," అని కమలాకర్ ఆజ్ఞ. అంతయ్య తలూపి, కన్ను కమలాకర్ చేతి మీదే పెట్టి కూర్చున్నాడు.

ముందు సీట్లో, నెమలి అద్దం పక్కన, ఇసుక నింపిన బస్తా కూర్చుంది. దాని మీద బూడిద గుమ్మడికాయ. ఇంతవరకూ బాగానే ఉంది. తిప్పలన్నీ ఆడవాళ్ళు దగ్గరికి వచ్చాక మొదలయ్యాయి.

ముందుగా కమలాకర్ తల్లి సుమిత్రమ్మ కర్ర పట్టుకుని వచ్చి చూసింది. "బోడి కాయను బండ్ల కూసోపెడ్తరా, అశుభం," అని పసుపు రాసి కుంకుమ పెట్టింది. బొట్టు పెట్టాక కళ్ళు లేకపోతే ఎలా అని పక్కింటి ఇంద్రాణి కాటుకతో కళ్ళు దిద్దింది, కాస్త సిగ్గుపడుతున్నట్టు కూడా వచ్చాయి. బస్తా బస్తాలాగా ఉందని ఆండాలు తన పాత పట్టుచీర తెప్పించి చుట్టింది. చుట్టాక, చుట్టినందుకు కుచ్చిళ్ళు సర్దింది. ఎవరో మల్లెపూలు చుట్టారు. రోహిణి వద్దు వద్దంటూనే ఫొటోలు తీసింది. చివరికి సుమిత్రమ్మ, పెళ్ళి సామాన్లు కొన్న సంచిలోంచి ఒక బాసికం తీసి గుమ్మడికాయ నుదుటికి కట్టింది.

అప్పుడే వెంకట్రావు వచ్చాడు. కారులోకి తొంగి చూసి, "మా కోడలు కాస్త ఒళ్ళు చేసినట్టుందే," అని నవ్వి, గుమ్మడికాయ నెత్తిన చెయ్యి పెట్టి దీర్ఘసుమంగళీభవ అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. రోహిణి నవ్వలేక నేల మీద కూలబడింది.

కమలాకర్ గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి కర్చీఫ్ తీయబోయాడు.

"ఆగురా కమలాకరూ," అంది సుమిత్రమ్మ. "ఏం జేయబోతున్నవ్?"

"ఏముందమ్మా, బండిని వదుల్త, పోయి ఇసుకకు గుద్దుకుంటది."

"పిల్ల లోపలున్నది గద."

"పిల్లేందమ్మా, గుమ్మడికాయ."

"బొట్టు వెట్టినం. పట్టుచీర గట్టినం. బాసికం గట్టినం. వియ్యంకుడు ఒచ్చి దీవెనార్తి ఇచ్చిండు. ఇగ అది కాయ ఎట్లయితది? నా మనుమరాలి పేరు మీద కూసున్నది. పెండ్లి ముంగట దాన్ని తీస్కపోయి గుద్దిస్తవా? నీకు సిగ్గుశరముండాలె."

కుర్చీల్లో కలకలం మొదలైంది. ఇది కంపెనీ వాళ్ళకు ఎప్పుడూ రాని చిక్కు. వాళ్ళ బొమ్మలకు ఎవరూ బాసికాలు కట్టరు.

వెంకట్రావు సర్ది చెప్పబోయాడు. "పెద్దమ్మగారూ, మా వైపు గుమ్మడికాయ పగలడం శుభమేనండి. దిష్టి పోతుంది. గృహప్రవేశాలకి మేమే పగలగొడతాం."

"దిష్టి కాయ వేరయ్యా. దాన్ని తిప్పి పగలగొడ్తం. గీ కాయను తిప్పినమా? కూసోపెట్టినం. తిప్పిన కాయ పగలాలె, కూసోపెట్టిన కాయ పగలొద్దు."

"అయితే ఇప్పుడు దింపి ఒకసారి తిప్పితే?"

"బాసికం గట్టినంక ఎట్ల తిప్పుతరు?" అంది ఇంద్రాణి. ప్రహరీ మీదినుంచి ఎవరో బాసికం విప్పితే సరిపోతుందన్నారు. పెళ్ళి కాకుండా బాసికం విప్పుతారా అని ఇంకెవరో కసిరారు. ఒకరు పంతులుకు ఫోన్ చేశారు. పంతులు ఎత్తలేదు, ముహూర్తాల కాలం. ఆండాలు మాత్రం చీర సంగతే అడుగుతోంది, "గుద్దితే గుద్దుండ్రి గాని, నా చీర ఇప్పి గుద్దుండ్రి."

"అదొక డమ్మీ నానమ్మా," అంటూ రోహిణి కళ్ళనీళ్ళు తుడుచుకుంది, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

కమలాకర్ ఈ గొడవ మధ్య నిలబడి కారు వంక చూశాడు. పొద్దుటెండ నెమలి అద్దం లోంచి లోపల పడుతోంది. మల్లెపూలు, బాసికం, వంచిన కాటుక కళ్ళు. తల పక్కకు కొద్దిగా వాలింది. రోహిణి చిన్నప్పుడు స్కూలుకు పోతూ కారులో నిద్రపోతే తల సరిగ్గా అలాగే వాలేది. ఆయనకు ఏదో అయింది. ఇదంతా వద్దనిపించింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు. నుదుట చెమట పట్టింది. చేతిలో ఉన్న కర్చీఫ్‌తో తుడుచుకున్నాడు.

అంతయ్య రాయి గుంజేశాడు.

ఒక క్షణం కారు కూడా నమ్మలేనట్టు నిలబడింది. తరవాత కిర్రుమంటూ కదిలింది. "రాయి వెట్టుర్రి, రాయి," అని ఎవరో అరిచారు. ఎవరేం చెప్పినా వినొద్దన్నారు కాబట్టి అంతయ్య వినలేదు. పెళ్ళికూతురు చక్కగా కూర్చుని, తల ఊపుకుంటూ, జనం మధ్యనుంచి దిగువకు బయలుదేరింది.

ఆ తరవాత కమలాకర్ చేసిన పనిని కొత్తపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని మెట్లు ఎక్కనివాడు, పంచె ఎగగట్టి పరుగెత్తాడు. బజ్జీల బండిని తప్పించుకున్నాడు, ఒక కుర్చీని దాటాడు, ఇంకో కుర్చీని దాటలేక దాన్నే తొడుక్కుని కొంతదూరం పోయాడు. "రోహిణీ" అని కేక వేశాడు. అసలు రోహిణి వెనకాల నేల మీద కూర్చుని ఉంది, "నేనీడున్న డాడీ," అంటోంది. ఆయనకు వినబడలేదు. ఆయన కంటికి కారు ఒక్కటే కనబడుతోంది, కారులో వాలిన తల ఒక్కటే కనబడుతోంది.

ఎడమ తలుపు పిడి అందింది. ఉల్టా తలుపు బార్లా తెరుచుకుంది. కారుతోపాటు పరుగెత్తుతూనే లోపలికి వంగి, గుమ్మడికాయను రెండు చేతులా గుండెకు హత్తుకుని గుంజాడు. బస్తా రాలేదు, చీర సగం వచ్చింది. ఈలోగా వెనకనుంచి వస్తున్న అదే తలుపు ఆయన వీపున ఒక్కటి చరిచి పక్కకు తోసింది. కమలాకర్, గుమ్మడికాయ, మల్లెపూలు కలిసి గడ్డిలో పొర్లారు. కాయ మాత్రం నేలకు తగల్లేదు. మోచేతులూ మోకాళ్ళూ తగిలాయి, కాయ తగల్లేదు.

కారు ఇంకొంత దూరం పోయి ఇసుక కుప్పలో మూతి పెట్టి ఆగింది. ఆయన చెప్పినట్టే, పెద్ద దెబ్బేమీ కాదు. బంపర్ మీద గీత కూడా పడలేదు. తెరిచి ఉన్న తలుపు మాత్రం ఆ ఊపుకు ముందుకు వచ్చి ధన్‌మని మూసుకుంది. ఆ వెంటనే గలగలమని ఇంకో చప్పుడు వినిపించింది.

జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. వెంకట్రావు పొట్ట పట్టుకుని, "బావగారూ, కోడల్ని కాపాడారండీ," అంటూ వచ్చాడు. కమలాకర్ కూడా నవ్వుతూనే లేచి కూర్చున్నాడు. కుంటుకుంటూ కారు దగ్గరికి వెళ్ళాడు. లోపలికి చూశాడు. ఆయన నవ్వు ఆగింది. ఒక్కొక్కరే వచ్చి చూశారు, ఒక్కొక్కరి నవ్వే ఆగింది.

నెమలి ముక్కలై ఉంది. పటికబెల్లం పలుకులు కావు, చెయ్యెడు పొడవు ముక్కలు, మొనలు తేలినవి. నాలుగైదు సీటు మీద పడ్డాయి. రెండు ఇసుక బస్తాను చీల్చి లోపలికి దిగాయి. ఒక పెద్ద ముక్క, గుమ్మడికాయ ఉన్న చోట, సీటు వీపులో నిటారుగా గుచ్చుకుని ఉంది. దాని మీద నెమలి మెడ ఇంకా అందంగానే ఉంది. బస్తాలోంచి ఇసుక సన్నగా కారుతోంది.

కమలాకర్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఒళ్ళో గుమ్మడికాయ. కాటుక ఆయన చొక్కా నిండా అయింది. రోహిణి వచ్చి పక్కన కూర్చుని, ఆయన మోచెయ్యి తిప్పి చూసి, చున్నీతో రక్తం తుడిచింది.

"గుద్దుకున్నదనేదానికి గూడ లేదు బిడ్డా," అన్నాడు. "గింతంత కదలికకే గిట్లయింది. గా సీట్ల నిన్ను కూసోపెడదామనుకున్న. మందిని పిలిచి, బజ్జీలు తినిపిచ్చి, మొండికేసి మరి కూసోపెడదామనుకున్న. గుమ్మడికాయను పంపెటానికి నాకు పానం ఒప్పలె. నిన్నెట్ల పంపుదామనుకున్ననో నాకే సమజయితలేదు."

రోహిణి ఆయన చొక్కాకు అంటుకున్న మల్లెపూలు ఏరింది.

"నాకు గూడ ఆ సీటంటే ఆశనే డాడీ. మేనత్తలందరు చెప్తుంటే చిన్నప్పటి సంది ఇంటున్న. ఎక్కనన్న రోజు రూమ్‌ల కూసోని ఏడ్సిన," అంది. "కాని నేను భయపడ్డది నా సీటుకు కాదు. ఆఫీసుల రోజు గుద్దిస్త గద, ఆ పాత బండ్లల్ల స్టీరింగు రాడ్డు నేరుగ నడిపేటోని గుండెల మీదికే ఉంటది. గుద్దితే వంగదు, ముందటికొస్తది. ఆ నడిపేటోడు నువ్వు. పెండ్లి రోజు నా పక్కన కూసునేది నువ్వు గద."

కమలాకర్‌కు ఆ మాట ఎక్కడో లోపల తగిలింది. ఇరవై ఆరేళ్ళుగా తన పక్కన కూతురి సీటు గురించే ఆలోచించాడు గాని, తన సీటు గురించి ఆలోచించే మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారని ఆయనకు తట్టలేదు. కూడబెట్టిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. అందులో ఒక్కటీ దీనికి సరిపోయేది కాదు. ఆయన ఏడ్చాడు, దాచుకోకుండా ఏడ్చాడు. ఆండాలు వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఆ పూట మాత్రం సవతి ఊసు ఎత్తలేదు.

సుమిత్రమ్మ కర్ర ఊతంతో దిగువకు వచ్చేసరికి కొంతసేపు పట్టింది. వచ్చి కారునూ కొడుకునూ మనవరాలినీ చూసింది.

"ఆనవాయితీ పోయినట్టేనా పెద్దమ్మగారూ?" అన్నాడు వెంకట్రావు, ఈసారి నవ్వకుండా.

"ఎందుకు పోతది? తండ్రి, బిడ్డ పక్క పక్కన కూసునుడు ఆనవాయితీ. బండి ఏదైతేంది? నా మొగడు ఎడ్లబండి కొంటే ఎడ్లబండే అయ్యేది," అని తీర్పు చెప్పి, ఆమె బజ్జీలు మిగిలాయేమో కనుక్కోవడానికి మళ్ళీ ఎగువకు నడిచింది.

కమలాకర్ లేచాడు. అంతయ్యను పిలిచి, అసలైన కారు అద్దం దొరికేదాకా, బెల్టులు బిగించేదాకా ఈ బండిలో ఎవరినీ ఎక్కనివ్వొద్దని, తనను కూడా ఎక్కనివ్వొద్దని చెప్పాడు. అంతయ్య ఇన్నాళ్ళూ ఇనుమన్న నోటితోనే, "నేను ముందుగాల్నే అనుకున్న సార్, అద్దం జర తేడా ఉన్నదని," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి కమలాకర్‌కు కూడా వచ్చింది, ఏడుపులోంచే వచ్చింది.

జనం ఎగువకు కదిలారు. ఏటవాలు ఎక్కుతుంటే కమలాకర్ మోకాళ్ళు పట్టేశాయి. అయినా గుమ్మడికాయను చంకలోంచి దింపలేదు. బాసికం పక్కకు జరిగి, పట్టుచీర వెనకాల నేల మీద జీరాడుతోంది. రోహిణి చీర కొంగు ఎత్తి పట్టుకుని వెంట నడిచింది.

"ఇటియ్యి డాడీ, బరువున్నది," అంది.

"ఒద్దు బిడ్డా," అన్నాడు కమలాకర్. "పెండ్లి దాంక నన్నే ఎత్తుకోనియ్యి."